వాసన లేని గాలి

గుంటూరులో జోడు కార్లు రోడ్డెక్కిన మూడో ఏడుకి, కృపావతి మాట్లాడని మైకు ఊళ్ళో లేదని చెప్పుకునేవారు.

జోడు కారు అనేది జనం పెట్టుకున్న పేరు. షోరూముల్లో ప్లగ్-ఇన్ హైబ్రిడ్ అంటారు. ఇంట్లో ప్లగ్గుకి తగిలించి చార్జింగ్ పెట్టుకుంటే ఊళ్ళో తిరిగినంతసేపూ కరెంటు మీద నడుస్తుంది. దూరం పోయి బ్యాటరీ అయిపోతే పెట్రోలు అందుకుంటుంది. కరెంటు కోతలున్న ఊరికి, దారిలో చార్జింగ్ దొరకని రాష్ట్రానికి ఇంతకంటే మంచి బండి లేదని కృపావతి నమ్మకం. ఆమె కంపెనీ మనిషి కాదు. ‘తేటగాలి’ అనే చిన్న స్వచ్ఛంద సంఘం నడిపేది. కాలనీ సమావేశాల్లో, చర్చి ఆవరణల్లో, మిర్చి యార్డు ముందు టీకొట్ల దగ్గర ఆమెది ఒకటే మాట: "ఊళ్ళో పొగ వదలకండి. మీరు వదిలిన పొగ కూడలిలో నిలబడ్డ మనిషి ఒంట్లోకి పోతుంది."

కూడలిలో నిలబడ్డ ఆ మనిషి ఆమె భర్త. దయానందం ట్రాఫిక్ హెడ్ కానిస్టేబులు. బీడీ ముట్టనివాడు, అయినా రిటైరు కాకముందే ఊపిరితిత్తులు మసిగుడ్డల్లా అయిపోయాయి. చివరి ఏడాదంతా మంచం పక్కన ఆక్సిజన్ సిలిండరు పెట్టుకుని గడిపి వెళ్ళిపోయాడు. వాళ్ళకి పిల్లలు లేరు. ఆయన పోయాక కృపావతి కెమిస్ట్రీ లెక్చరరు ఉద్యోగం వదిలేసి, బ్రాడీపేటలో తామున్న రెండు గదుల ఇంటి వసారాలోనే సంఘం బోర్డు తగిలించింది.

మొదట్లో ఆమె మాట ఎవరూ చెవిన పెట్టలేదు. రాత్రంతా ప్లగ్గుకి కట్టేసి ఉంచాలంటే ఎవరికి ఓపిక? మధ్యలో కరెంటు పోతే తెల్లారి ఆఫీసుకి ఎలా? ఆ చిక్కుముడి విప్పింది తాయారు.

తాయారు ఆమె దగ్గర చదువుకున్న పిల్లే. మంగళగిరి వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీ వెనక రేకుల షెడ్డులో ఏళ్ళ తరబడి తంటాలు పడి, ఉప్పులోని సోడియంతో ఒక కొత్త బ్యాటరీ సెల్ తయారుచేసింది. గీజరు ప్లగ్గుకి తగిలిస్తే చాలు, అన్నం, కూర వండుకునేలోగా ఒక రోజు తిరుగుడుకి సరిపడా నిండిపోయేది. ఆ సెల్ మొదటిసారి పనిచేసిన రోజు తాయారు ఫోను చేసింది కన్నతల్లికి కాదు, కృపావతికి. "మేడమ్, నిలబడింది!" అని ఒక్క మాటే చెప్పి ఏడ్చేసింది. అప్పట్నుంచి ఆదివారం మధ్యాహ్నం తాయారు భోజనం కృపావతి ఇంట్లోనే. వారమంతా నిశ్శబ్దంగా ఉండే ఆ ఇంట్లో ఆ పూట మాత్రం రెండు కంచాల చప్పుడు వినిపించేది.

ఒక కంపెనీ ఆ సెల్ పెట్టి కార్లు చేసింది. కృపావతి కొంది, సంఘం సభ్యులు కొన్నారు, వాళ్ళని చూసి వాళ్ళ చుట్టాలు కొన్నారు. సంఘం కోశాధికారి నాగభూషణం మిర్చి కమీషను వ్యాపారి. ఆయన ఒక మీటింగులో లేచి, "మా వీధిలో పొగ వాసనే తెలీట్లేదు టీచరుగారూ! కార్లొచ్చాక గాలి కడిగినట్టుంది" అన్నాడు. చాలామంది అవునంటే అవునన్నారు. కృపావతి ఆ మాటని ప్రతి ఉపన్యాసంలోనూ చెప్పి చప్పట్లు కొట్టించుకుంది.

ఇక మిగిలింది ఒక్క మెట్టు. జోడు కార్లకి రోడ్డు టాక్సు ఎత్తేస్తే మామూలు కుటుంబాలు కూడా కొనుక్కుంటాయి. దానికోసం ఆమె ఎక్కని ఆఫీసు మెట్లు లేవు. చివరికి ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. విజయవాడలో వాళ్ళ ముందు మాట్లాడడానికి తేటగాలి సంఘాన్ని రమ్మంది.

ఆ వారంలోనే బాపట్ల నుంచి ఆడపడుచు సంతోషమ్మ వచ్చింది.

కృపావతి వంటింట్లో టీకి నీళ్ళు పోసి అగ్గిపెట్టె అందుకుంది. ఇంతలో గేటు దగ్గర్నుంచి గావుకేక.

"వదినా! పొయ్యి ముట్టించమాకు! అగ్గిపుల్ల గియ్యమాకు!"

సంతోషమ్మ సంచీ పారేసి పరిగెత్తుకొచ్చి ఆమె చెయ్యి పట్టుకుని బయటికి లాగింది. వంటింటి కిటికీ పక్కనే కారు. దాని కింద చాప వెడల్పున పెట్రోలు తడి. ఊళ్ళో తిరగడానికి పెట్రోలు వాడేదే లేదు కాబట్టి, రబ్బరు గొట్టం ఎండిపోయి పగిలింది. బొట్టు బొట్టుగా ఎప్పట్నుంచి కారుతోందో!

"రోడ్డు మలుపులోకే గుప్పున కొట్టింది గదమ్మా! పక్కనే నిలబడి నీకు తెలీలేదా?"

"జలుబేమోలే" అంది కృపావతి. అంటూనే గాలి పీల్చి చూసింది. ముక్కు శుభ్రంగా ఉంది.

మెకానిక్ వచ్చి గొట్టం మార్చి వెళ్ళాడు. మధ్యాహ్నం నడుం వాల్చడానికి దుప్పటి కోసం బీరువా తెరిచిన సంతోషమ్మ, అడుగు అరలో ఉన్న అన్న స్వెట్టరు చూసి ఆగిపోయింది. తీసి మొహానికి ఆనించుకుని నిలబడినచోటే ఏడ్చింది.

"అన్నయ్య వాసన ఇంకా పోలేదు వదినా. అదే కొబ్బరినూనె. డ్యూటీ నుంచి వచ్చి పక్కన కూచున్నట్టే ఉంది."

ఏటా క్రిస్మస్ ముందు ఆ స్వెట్టరు తీసి చూసుకోవడం కృపావతికి అలవాటు. నిరుడు తీసినప్పుడు అందులో ఏ వాసనా లేదు. కాలం దాన్ని కూడా పట్టుకుపోయిందనుకుని, ఆ రోజు అన్నం తినకుండా పడుకుంది. ఇప్పుడు ఆడపడుచు చేతిలోంచి లాక్కుని మొహం దాచుకుంది. ఉన్ని గరుకు చెంపలకి తెలిసింది. అంతే.

"నీకు రావట్లేదా?" అంది సంతోషమ్మ మెల్లిగా. "ఎన్నాళ్ళ నుంచి?"

"తెలీదు సంతోషం. కూర మాడిందనో, పాలు విరిగాయనో చెప్పే మనిషి ఇంట్లో ఉంటే గదా."

కృపావతి వంటింట్లోకి వెళ్ళి ఒక్కొక్క డబ్బా మూత తీసింది. ఇంగువ వాసన రాలేదు. కాఫీపొడిదీ రాలేదు. కారం డబ్బా తీయగానే మాత్రం తుమ్ము వచ్చింది, కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఆమె చదువు చెప్పిన మనిషి గనక విషయం అప్పుడు అర్థమైంది. వాసన పట్టే నరం వేరు, ఘాటుకి మండే నరం వేరు. మిరపకాయల ఊళ్ళో రోజూ ముక్కు మండుతూనే ఉంటుంది. మండే ముక్కు పనిచేస్తోందనే అనుకుంటాం.

ఆ ఆదివారం తాయారు పనుండి రాలేదు. సంఘం సమావేశానికి కృపావతి నాలుగు గిన్నెలు సిద్ధం చేసింది. పైన గుడ్డ కట్టి, వాసన చూసి ఏమిటో చెప్పమంది. ఏదో ఆట అనుకుని అందరూ నవ్వుతూ వరుసలో వచ్చారు. కారు కొన్నవాళ్ళు ఒక్కొక్కరే వాసన చూసి, పక్కవాళ్ళ మొహాలు చూసి, తోచిందేదో చెప్పారు. నాగభూషణం కారం గిన్నె దగ్గర గట్టిగా తుమ్మి, "నా ముక్కుకేం, రాయిలాగుంది!" అన్నాడు. మిగతా మూడూ తప్పు చెప్పాడు.

కారు కొనని సభ్యురాలు ఒకరే ఉన్నారు. ఎక్కడికైనా బస్సులోనే వెళ్ళే రిటైర్డ్ పోస్ట్‌మిస్ట్రెస్ సత్యవాణి. ఆవిడ గుమ్మంలో అడుగు పెడుతూనే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"ఎండుచేపలు ఎవరు తెచ్చారండీ మీటింగుకి?"

అప్పటిదాకా నాగభూషణం చేతిలో ఉన్నది ఆ గిన్నే.

కృపావతి కార్లలోని సెల్ మీద తన అనుమానం చెప్పింది. నాగభూషణమే గొంతు సవరించుకున్నాడు. "సరే టీచరుగారూ. అనుమానమేగా. కమిటీ అయ్యేదాకా ఈ సంగతి గడప దాటనివ్వొద్దు. ముక్కు పోతే ప్రాణం పోదు. పొగ పీలిస్తే పోతుంది. ఆ మాట మీకంటే బాగా ఎవరికి తెలుసు?"

సత్యవాణితో సహా ఎవరూ కాదనలేదు.

మర్నాడు పొద్దున్నే ఆమె మంగళగిరి వెళ్ళింది. కారు తియ్యలేదు, బస్సెక్కింది.

తాయారు అంతా విని, "మా షెడ్డులో నలుగురం ఉన్నాం మేడమ్. ఎవరికీ ఏమీ లేదే" అంది. కృపావతి సంచీలోంచి ఇంగువ డబ్బా తీసి ఆమె ముందు పెట్టింది. తాయారు మూత తీసింది. దగ్గరికి తెచ్చుకుంది. ఇంకా దగ్గరికి తెచ్చుకుంది. తర్వాత డబ్బాని బల్ల మీద పెట్టి దానివంకే చూస్తూ కూర్చుంది.

ఆ రోజే పరీక్ష మొదలుపెట్టారు. బయాలజీ విభాగం నుంచి రెండు తెల్ల ఎలుకలు తెచ్చారు. కాగితాల కుప్పలో ఎండుచేప ముక్క దాచితే రెండూ చిటికెలో పట్టేశాయి. ఒకదాన్ని చార్జింగ్‌లో ఉన్న సెల్ పక్కన, రెండోదాన్ని వేరే గదిలో ఉంచారు. నాలుగు రోజులు సెల్‌ని నింపుతూ, ఖాళీచేస్తూ మళ్ళీ నింపారు. రోజూ కృపావతి బస్సులో వచ్చి వెళ్ళేది. నాలుగో సాయంత్రం వేరే గదిలోని ఎలుకని వదిలితే తిన్నగా చేప దగ్గరికి పరిగెత్తింది. సెల్ పక్కన ఉంచినది కాగితాల మీద తిరిగింది, చేప ముక్క మీద కాలు వేసి దాటి పోయింది, మూలకి చేరి ముడుచుకుంది.

తాయారు గోడకి ఆనుకుని నేల మీద కూలబడింది.

కారణం కనుక్కోవడం తర్వాత పెద్ద పని కాలేదు. అంత త్వరగా నింపినప్పుడు సెల్ వేడెక్కుతుంది. ఆ వేడికి అతి కొద్దిగా ఆవిరి బయటికి వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ఊపిరితిత్తులకి, కళ్ళకి, రక్తానికి ఏమీ చేయదని కార్లు అమ్మకముందు చేసిన పరీక్షలన్నీ చెప్పాయి. ముక్కు లోపలి నరాల కొసలకి మాత్రం వెళ్ళి అతుక్కుంటుంది. ఆ సంగతి పరీక్షించాలని ఎవరికీ తోచలేదు.

"మూడు నెలలు టైమివ్వండి మేడమ్" అంది తాయారు. "మూత మార్చేస్తా. ఆవిరి బయటికి రాకుండా చూస్తా. ఎవరికీ తెలియకుండా అన్ని కార్లకీ మార్పిస్తా."

"ఈ మూడు నెలలూ?"

"వాసనే కదా మేడమ్! కళ్ళు పోలేదు, కాళ్ళు పోలేదు. ఇప్పుడు చెబితే నా సెల్ ఒక్కటే కాదు, జోడు కార్లే చచ్చిపోతాయి. జనం మళ్ళీ పెట్రోలు బండ్లకి పోతారు. మీ కూడలిలో మళ్ళీ ఇంకో దయానందంగారు నిలబడతారు."

కృపావతి ఆమె తల మీద చెయ్యి వేసింది. "తాయారూ, మొన్న నేను అగ్గిపుల్ల గీయబోయాను. కిటికీ అవతల చాపంత పెట్రోలు. సంతోషం ఒక్క నిమిషం ఆలస్యంగా వచ్చుంటే ఇవాళ నీతో మాట్లాడేదాన్ని కాదు. వాసన తెలియని ఇళ్ళల్లో పెట్రోలు బండి నిలబెట్టాం. నేనే నిలబెట్టించాను."

"అంటే చెప్పేస్తారా?"

"ఎల్లుండే కమిటీ."

తాయారు తల పక్కకి తీసుకుంది. కృపావతి చెయ్యి గాలిలో మిగిలిపోయింది. "ఆ సెల్ నా బతుకు మేడమ్" అందా అమ్మాయి గోడవైపు చూస్తూ. ఆ తర్వాత ఎంత పిలిచినా పలకలేదు.

విజయవాడ హాల్లో కమిటీ పెద్దలు బల్ల వెనక, సంఘం వాళ్ళు ముందు వరుసలో. నాగభూషణం కొత్త పంచెలో వచ్చాడు. కృపావతి మైకు అందుకుని, తేటగాలి సంఘం ఎందుకు పుట్టిందో చెప్పింది. జోడు కారు మంచి బండి అని ఇప్పటికీ నమ్ముతున్నానంది. ఆ తర్వాత గొంతు తగ్గించి, గొట్టం పగిలిన సంగతి, గిన్నెల సంగతి, ఎలుకల సంగతి వరుసగా చెప్పింది.

"ఈ సెల్ ఉన్న కార్లని ఇవాళే ఆపించండి. టాక్సు రాయితీ అడగడానికి వచ్చినదాన్ని, ఆపమని అడుగుతున్నాను. ‘పొగ వాసన లేదు’ అని జనం అంటే గాలి బాగుపడిందని నేను ఊరంతా చాటాను. వాసన పోయింది గాలికి కాదండీ, మాకు."

హాల్లో గోల లేచింది. నాగభూషణం లేచి బయటికి నడిచాడు. ఒకరి వెనక ఒకరు మిగతా సభ్యులూ వెళ్ళారు. కమిటీ అధ్యక్షుడు వంద ప్రశ్నలు వేశాడు. అన్నిటికీ జవాబు చెప్పి ఆమె బయటికి వచ్చేసరికి, తనని తీసుకొచ్చిన వ్యాను వెళ్ళిపోయింది.

కార్లు వెనక్కి తీసుకున్నారు. తాయారు షెడ్డుకి తాళం పడింది. పేపర్లు ఒక వారం రాసి మానేశాయి. నాగభూషణం ఒకసారి వీధిలో ఎదురుపడి, "మా మనవరాలికి ఆరేళ్ళు. మల్లెపూలు ముక్కు దగ్గర పెట్టి, ‘తాతా, వీటికి వాసన అయిపోయిందా?’ అంటోంది. మీరు చెప్పారనే కొన్నాను టీచరుగారూ" అన్నాడు. తిట్టి ఉంటే ఆమెకి కొంత తేలికయ్యేది.

ఆ నరాలు మళ్ళీ మొలుస్తాయని డాక్టర్లు చెప్పారు. చాలామందికి మొలిచాయి కూడా. నెలలు గడిచేకొద్దీ ఒక్కొక్కరికే, మొదట లవంగం, తర్వాత సబ్బు, తర్వాత సాంబారు. నాగభూషణం మనవరాలికి కూడా వచ్చిందని కృపావతి ఎవరి ద్వారానో విని, ఒంటరిగా కూర్చుని ప్రార్థన చేసుకుంది. ఆమెకి మాత్రం రాలేదు. అందరికంటే ముందు కొన్నది ఆమే, కారు పక్కనే కిటికీ పెట్టుకుని వంట చేసుకున్నదీ ఆమే.

తేటగాలి బోర్డు మాత్రం దించలేదు. సభ్యులు లేని సంఘానికి ఆమె ఒక్కతే. వారానికోసారి పెట్రోలు బంకు పక్కన గొడుగు వేసుకుని నిలబడి, ఆగినవాళ్ళకి పాతరకం బ్యాటరీ ఉన్న జోడు కార్ల గురించి చెప్పేది. "నిండడానికి రాత్రంతా పడుతుంది. అబద్ధం చెప్పను" అనేది. కొందరు వినేవారు. కొందరు ఆమెని గుర్తుపట్టి, "ముక్కుల టీచరమ్మ" అని నవ్వుకుంటూ పోయేవారు. ఆదివారం మధ్యాహ్నాలు ఇల్లు మరీ పెద్దదైపోయినట్టుండేది. తాయారు నంబరు తీసి చూసేది. మొదట్లో చేసిన ఫోన్లకి అటునుంచి జవాబు రాలేదు. పిల్ల మీద ఇంకా బరువు వెయ్యడం ఎందుకని తర్వాత మానేసింది.

ఏడాది తిరిగాక ఒక సాయంత్రం తాయారు గేటు తీసుకుని వచ్చింది. మనిషి సగమైంది. కుర్చీ అంచున కూర్చుని, చెన్నైలో ఒక ప్రయోగశాలలో ఉద్యోగం వచ్చిందని, బండికి టైమవుతోందని, చెప్పి వెళ్దామని వచ్చానని గబగబా చెప్పింది.

"సెల్?" అంది కృపావతి.

"మళ్ళీ చేస్తున్నా. ఈసారి నెమ్మదిగా నిండేదే. రాత్రంతా పడుతుంది."

"పడనీ. కాఫీ తాగి వెళ్ళు."

కృపావతి లోపలికి వెళ్ళి కాఫీ కలిపి తెచ్చింది. తాయారు కప్పు అందుకుంది. నోటిదాకా ఎత్తింది. కప్పు పెదవికి తగలకముందే ఆమె ముక్కుపుటాలు చిన్నగా ముడుచుకున్నాయి. ఆ వెంటనే మొహం మామూలుగా పెట్టుకుని ఒక గుక్క తాగింది.

కృపావతి లాబ్‌లో పిల్లల చేతులు చూసినట్టు ఆ మొహాన్నే చూస్తోంది.

"పాలు మాడాయా?"

"లేదు మేడమ్. బాగుంది."

"తాయారూ. నువ్వు ఇంకా తాగలేదు, అప్పుడే ముక్కు ముడిచావు." ఆమె ఎదురుగా కూర్చుంది. "నీకు వచ్చేసింది!"

తాయారు కప్పు దించి తల వంచుకుంది. ఏదో తప్పు చేసి దొరికిపోయినదానిలా ఉంది. "రెండు నెలలైంది. మీకు ఎలా చెప్పాలో తెలీలేదు. మీకు ఇంకా..."

"నా సంగతి వదిలెయ్. ముందు ఏ వాసన తెలిసిందో చెప్పు."

"నవ్వకండి. బస్టాండులో నిలబడ్డాను. ఒక పాత బస్సు స్టార్టు చేశాడు. ఉన్నట్టుండి డీజిలు పొగ, గుప్పున. కళ్ళ నీళ్ళొచ్చాయి. పక్కకి తప్పుకోకుండా అక్కడే నిలబడి పీల్చాను మేడమ్. జనం పిచ్చిదాన్ననుకున్నారు."

కృపావతి నవ్వింది. ఏడాదిలో మొదటిసారి, పొట్ట పట్టుకుని నవ్వింది. తాయారు కూడా నవ్వి, అంతలోనే ఆమె ఒళ్ళో తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. క్షమించమని ఆమె అడగలేదు, ఈమె అడగలేదు. బండి టైము దాటిపోతుందని కృపావతే లేపి పంపింది.

గేటు దాకా వెళ్ళి, ఆ అమ్మాయి ఆటో సందు మలుపు తిరిగేదాకా చూసింది. ఇంటి ముందు నుంచి ఒక పాత లారీ రొప్పుతూ వెళ్ళింది. దాని వెనక నల్లటి పొగ బారుగా వసారాలోకి పాకింది. కృపావతి అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరు. కొంగు అడ్డం పెట్టుకోకుండా, కళ్ళు మూసుకుని, గుండె నిండా ఒక్కసారి పీల్చింది.

దగ్గు ఒక్కటే వచ్చింది. అది తగ్గేదాకా గేటు పట్టుకుని నిలబడి, మాడిన గిన్నె నానబెట్టడానికి లోపలికి వెళ్ళింది.